సఫారీకి ముందు సూదిమందు

పిల్లలూ! విశాఖపట్నంలో ఉన్న మీలో చాలామంది ఎండాడ దగ్గర ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలలో సింహాన్ని చూసే ఉంటారు. 1977 నుంచీ మన ఊరి పిల్లలు అక్కడికి టిఫిన్ డబ్బాలు పట్టుకుని వెళుతూనే ఉన్నారు. అక్కడ సింహం కందకానికి అవతల ఉంటుంది, మనం ఇవతల స్వేచ్ఛగా తిరుగుతాం. దీన్ని తలకిందులు చేస్తే ఎలా ఉంటుంది? సింహం స్వేచ్ఛగా తిరుగుతుంటుంది, మనం జీపులో కూర్చుని కిటికీలోంచి చూస్తాం. దీన్నే సఫారీ అంటారు.

సఫారీ అనేది తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాషలోని మాట. ప్రయాణం అని అర్థం. ఇది అరబ్బీ భాషలోని 'సఫర్' అనే మాట నుంచి వచ్చింది. అదే సఫర్ ఉర్దూలోకి కూడా వచ్చింది. హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆ మాట వినే ఉంటారు. సముద్రం మీద వర్తకులు సరుకులతోపాటు మాటల్ని కూడా మోసుకెళ్ళారన్నమాట!

మీ మేనమామ కెన్యా దేశంలోని నైరోబీ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడనుకుందాం. "దసరా సెలవులకి అందరూ రండర్రా, సింహాల్ని చూపిస్తాను" అని ఫోను చేశాడు. ఇంట్లో సందడే సందడి. అమ్మ జంతికలు చెయ్యాలంటుంది. నాన్నగారు టిక్కెట్ల ధర చూస్తారు. అయితే అన్నిటికంటే ముందు చెయ్యవలసిన పని ఒకటుంది. అది ఏ బట్టల దుకాణంలోనూ దొరకదు. మన రేవు దగ్గర దొరుకుతుంది. అదేమిటో చూద్దాం.

రేవుకీ రోగానికీ ఏమిటి సంబంధం?

విశాఖపట్నం రేవు 1933లో ఓడలకు తలుపులు తెరిచింది. ఖనిజం బయటికి వెళుతుంది. ఉక్కు కర్మాగారానికి కావలసిన కోకింగ్ బొగ్గు విదేశాల నుంచి లోపలికి వస్తుంది. ఓడతోపాటు నావికులు వస్తారు. నావికులతోపాటు ఎలుకలు, దోమలు, సూక్ష్మజీవులు కూడా రావచ్చు. అందుకే ప్రతి పెద్ద రేవులోనూ కేంద్ర ప్రభుత్వానికి చెందిన పోర్టు ఆరోగ్య సంస్థ ఒకటి ఉంటుంది. విశాఖలో కూడా ఉంది.

విదేశం నుంచి వచ్చిన ఓడ పసుపుపచ్చ జెండా ఒకటి ఎగరేయడం ఓడల వారి ఆచారం. సంకేత భాషలో దాన్ని 'క్యూ' జెండా అంటారు. "నా ఓడలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, రేవులోకి అనుమతి ఇవ్వండి" అని దాని అర్థం. ఈ రోజుల్లో ఈ కబురు చాలావరకు ముందుగానే సందేశాల ద్వారా చేరిపోతుంది. అయినా నియమం మాత్రం అదే. ఆరోగ్య అధికారి సరేననకుండా ఓడ నుంచి ఎవరూ నేల మీద కాలు పెట్టకూడదు.

ఆఫ్రికా వెళ్ళే ప్రయాణికులకు ఎల్లో ఫీవర్ టీకా వేసేది కూడా ఈ సంస్థే. ఈ టీకా వీధి చివర ఆసుపత్రిలో వెయ్యరు. ప్రభుత్వం అనుమతించిన కొద్ది కేంద్రాల్లోనే వేస్తారు.

ఏమిటీ ఎల్లో ఫీవర్?

ఎల్లో ఫీవర్ అంటే పచ్చజ్వరం. ఇది ఒక వైరస్ వల్ల వస్తుంది. దోమ కుట్టిన మూడు నుంచి ఆరు రోజుల్లో జ్వరం, ఒళ్ళునొప్పులు, వాంతులు మొదలవుతాయి. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది. కొద్దిమందికి మాత్రం జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. కాలేయం దెబ్బతిని కళ్ళు, ఒళ్ళు పచ్చబడతాయి. పేరు వచ్చింది అందుకే. ఈ దశకు చేరినవారిలో సుమారు సగంమంది పది రోజులలోపే చనిపోతారు. ఈ వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ లేదు.

ఈ జబ్బు ఆఫ్రికాలోనూ, దక్షిణ, మధ్య అమెరికాల్లోనూ ఉంది. మన ఆసియా ఖండంలో ఇది ఎన్నడూ స్థిరపడలేదు. "అయితే మనకేం భయం?" అంటారేమో. ఆగండి! ఈ వైరస్‌ను మోసే దోమ పేరు ఈడిస్ ఈజిప్టై. కాళ్ళ మీద తెల్లటి చారలుంటాయి. పగటిపూట కుడుతుంది. మన ఊళ్ళో డెంగీ జ్వరం తెచ్చేది సరిగ్గా ఈ దోమే. అంటే బండి సిద్ధంగా ఉంది, ప్రయాణికుడు మాత్రం ఇంకా ఎక్కలేదు. ఆ ప్రయాణికుణ్ణి ఎక్కనివ్వకుండా చూడడమే రేవులోనూ, విమానాశ్రయంలోనూ జరిగే కాపలా.

ఇది ఉత్త ఊహ కాదు. 2016లో ఆఫ్రికాలోని అంగోలా దేశంలో ఎల్లో ఫీవర్ పెద్ద ఎత్తున చెలరేగింది. అక్కడ పనిచేసి తిరిగి వచ్చిన 11 మంది ద్వారా అది చైనాకు చేరింది. ఆసియాలో ఈ వ్యాధి నిర్ధారణ కావడం అదే మొదలు. అదృష్టవశాత్తూ అక్కడి దోమలకు అంటుకోలేదు. కాని ప్రతిసారీ అదృష్టాన్నే నమ్ముకుని కూర్చోలేం కదా!

దోమను పట్టుకున్నవారి కథ

1881లో క్యూబా దేశపు వైద్యుడు కార్లోస్ ఫిన్లే "ఈ జ్వరాన్ని దోమలు మోస్తున్నాయి" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. రోగి బట్టల వల్ల, చెడు గాలి వల్ల వస్తుందనుకునే రోజులవి. అదే సంవత్సరం ఫ్రెంచివారు పనామా కాలువ తవ్వకం మొదలుపెట్టారు. మలేరియా, ఎల్లో ఫీవర్ వంటి జబ్బులతో 20,000 మందికి పైగా చనిపోయారని అంచనా. 1889లో వారు పని వదిలేశారు.

ఈలోగా మన నేల మీద ఒక గొప్ప సంగతి జరిగింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోని బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక అనాఫిలిస్ దోమ పొట్టను కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. అందులో మలేరియా పరాన్నజీవి కనిపించింది. దోమ రోగాన్ని మోయగలదని తేలిపోయింది. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

1900లో వాల్టర్ రీడ్ నాయకత్వంలో అమెరికా వైద్యుల బృందం క్యూబా వెళ్ళింది. ఫిన్లే మాటను పరీక్షించడానికి వాళ్ళు తమ ఒంటి మీదే దోమల్ని కుట్టించుకున్నారు. జేమ్స్ కారల్‌కు జబ్బు చేసింది, బతికి బయటపడ్డాడు. జెస్సీ లాజియర్ బతకలేదు. అప్పటికి ఆయన వయసు 34 ఏళ్ళు. ఫిన్లే చెప్పింది నిజమేనని ఆ బృందం రుజువు చేసింది. తరవాత పనామాలో దోమల్ని అదుపు చేసి అమెరికావారు కాలువ పూర్తిచేశారు. 1914లో ఓడలు నడిచాయి.

టీకా కోసం వెతుకుతూ కూడా శాస్త్రజ్ఞులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1927లో ఆడ్రియన్ స్టోక్స్, 1928లో జపాను శాస్త్రజ్ఞుడు హిడెయో నొగూచి ఆఫ్రికాలో పరిశోధన చేస్తూనే ఆ జ్వరంతో మరణించారు. చివరికి మాక్స్ థైలర్ విజయం సాధించాడు. ఆయన వైరస్‌ను కోడిపిండాల కణజాలంలో వందసార్లకు పైగా మార్చి మార్చి పెంచాడు. అలా పెరిగి పెరిగి వైరస్ తన ఉగ్రత పోగొట్టుకుంది. మన శరీరం మాత్రం దాన్ని చూసి పోరాటం నేర్చుకుంటుంది. పాము కోరలు పీకి పిల్లలకు పామంటే ఏమిటో చూపించినట్టు! 1937లో వచ్చిన ఈ '17డి' టీకాకు 1951లో నోబెల్ బహుమతి లభించింది. నేడు మన రేవు దగ్గర వేసేది ఆ వంశానికి చెందిన టీకాయే.

లెక్క వెనక నుంచి మొదలుపెట్టండి

టీకా వేసిన వెంటనే రక్షణ రాదు. శత్రువు ఎలా ఉంటాడో గుర్తుపట్టి ప్రతిదేహాల్ని తయారు చేసుకోవడానికి శరీరానికి వ్యవధి కావాలి. అందుకే అంతర్జాతీయ నియమం ప్రకారం టీకా వేసిన పది రోజుల తరవాతే ధ్రువపత్రం చెల్లుతుంది. మీ ప్రయాణం అక్టోబరు 5న అనుకోండి. పది రోజులు వెనక్కి లెక్కపెడితే సెప్టెంబరు 25. అదే ఆఖరి గడువు. కాని ఆఖరి రోజు దాకా ఆగకూడదు. ఒక్కో సీసాలో చాలా మోతాదుల మందు ఉంటుంది. పొడిగా ఉన్న ఆ మందును ద్రవంలో కలిపాక కొద్ది గంటల్లో వాడెయ్యాలి, లేకపోతే పారబోయాలి. అందుకని తగినంతమంది వచ్చేలా వారంలో కొన్ని రోజులే టీకాకు కేటాయిస్తారు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. పాస్‌పోర్టు తీసుకెళ్ళాలి. నెలా పదిహేను రోజుల ముందే ఈ పని పెట్టుకోవడం మంచిది.

ఇది ప్రాణమున్న వైరస్‌తో చేసిన టీకా. పైగా కోడిగుడ్డులో పెరిగినది. గుడ్డు తింటే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడనివారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, తొమ్మిది నెలలలోపు పసివారు, గర్భిణులు, 60 ఏళ్ళు దాటినవారు ఉంటే ఆ సంగతి వైద్యునికి తప్పక ముందే చెప్పాలి. దాచకూడదు.

టీకా వేశాక పసుపురంగు చిన్న పుస్తకం ఇస్తారు. ఇదివరకు పదేళ్ళకోసారి టీకా మళ్ళీ వేయించుకోవలసి వచ్చేది. 2016 జూలై 11 నుంచి ఒక్కసారి వేసిన టీకా జీవితాంతం చెల్లుతుంది. కాబట్టి పుస్తకాన్ని పాస్‌పోర్టుతో కలిపి భద్రంగా దాచండి.

ఇది లేకుండా కెన్యా నుంచి తిరిగి వస్తే ఏమవుతుంది? మన విమానాశ్రయంలో ఆపేస్తారు. అక్కడి నుంచి బయలుదేరి ఆరు రోజులు నిండేదాకా విడిగా ఉంచుతారు. ఆరే ఎందుకు? పైన చదివింది గుర్తు చేసుకోండి. దోమ కుట్టాక జ్వరం బయటపడడానికి పట్టే ఎక్కువ గడువు ఆరు రోజులు. ఆ గడువు దాటితే మీ వల్ల వీధికి భయం లేదు. అధికారి మీ మీద కోపంతో ఆపడు. మీ ఇంటి పక్కన నీళ్ళ డ్రమ్ములో పెరుగుతున్న ఈడిస్ దోమకు భయపడి ఆపుతాడు.

మలేరియాకు టీకా పుస్తకం చాలదు

కెన్యాలో మలేరియా కూడా ఉంది. మన మన్యంలోనూ ఉన్నదే. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండే ఫాల్సిపారం రకానికి పాతకాలపు క్లోరోక్విన్ మాత్ర పనిచెయ్యదు. కాబట్టి ఏ మాత్ర వెయ్యాలో వైద్యుడే చెప్పాలి. కొన్ని మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, తిరిగి వచ్చాక కూడా నాలుగు వారాలు వెయ్యాలి. "ఇంటికి వచ్చేశాం కదా" అని మానేస్తే, కాలేయంలో దాక్కున్న పరాన్నజీవి రక్తంలోకి వచ్చేసరికి మందు ఉండదు.

ఈడిస్ పగలు కుడుతుంది, అనాఫిలిస్ రాత్రి కుడుతుంది. అంటే ఇరవైనాలుగు గంటలూ జాగ్రత్త కావాలి. పొడుగు చేతుల చొక్కా, ఒంటికి రాసుకునే దోమల మందు, పడకకు దోమతెర. ఇవి మూడూ సఫారీకి కెమెరా కంటే ముఖ్యం. తిరిగి వచ్చిన కొన్ని నెలల్లో జ్వరం వస్తే "మేము ఆఫ్రికా వెళ్ళొచ్చాం" అని వైద్యునికి మొదటి మాటగా చెప్పండి.

నీలంచొక్కా ఎందుకు వద్దు?

సఫారీకి వెళ్ళేవారు ఖాకీ, మట్టిరంగు బట్టలు వేసుకోవడం సినిమాల్లో చూసి, అది ఫ్యాషన్ అనుకుంటాం. దీని వెనక ఒక ఈగ ఉంది. దాని పేరు సెట్సీ ఈగ. అతినిద్ర జబ్బును మోసేది ఇదే. దీనికి నీలం, నలుపు రంగులంటే మోజు. ఆఫ్రికాలో ఈ ఈగల్ని పట్టడానికి నీలం, నలుపు గుడ్డలతోనే వలలు కడతారు. నీలంచొక్కా వేసుకుంటే మనమే నడిచే వల అవుతాం! పలచటి గుడ్డలోంచి కూడా ఇది కుట్టగలదు. కాబట్టి మందమైన, మట్టిరంగు బట్టలు సర్దుకోండి.

భూమధ్యరేఖ మీద స్వెట్టరా?

నైరోబీ భూమధ్యరేఖకు కేవలం ఒక డిగ్రీ దక్షిణంగా ఉంది. విశాఖ దాదాపు 18 డిగ్రీలు ఉత్తరంగా ఉంది. "అయితే నైరోబీ మనకంటే వేడి!" అనుకుంటే పొరపాటే. విశాఖ సముద్రమట్టంలో ఉంటే నైరోబీ సుమారు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి కిలోమీటరు ఎత్తుకూ గాలి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. 1.8ని 6.5తో గుణిస్తే 11.7 డిగ్రీలు. విశాలమైన పీఠభూమి ఎండకు కాగి పైగాలిని కొంత వెచ్చబరుస్తుంది కాబట్టి నిజంలో తేడా ఇంతకంటే తక్కువే. అయినా జూలై రాత్రుల్లో అక్కడ పది, పన్నెండు డిగ్రీల చలి ఉంటుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులోనే మనకు దుప్పటి కావాలి కదా! తెల్లవారుజామున జీపులో వెళ్ళేటప్పుడు స్వెట్టరు లేనివాడు సింహాన్ని చూడడు, పళ్ళు కటకటలాడిస్తూ కూర్చుంటాడు.

ఏ నెలలో వెళ్ళాలో కూడా చూసుకోవాలి. మనకు ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో అక్కడ పెద్ద వానలు. మట్టిదారుల్లో జీపులు కూరుకుపోతాయి. జూలై నుంచి అక్టోబరు దాకా లక్షలకొద్దీ విల్డెబీస్ట్‌లు టాంజానియాలోని సెరెంగెటి మైదానం నుంచి కెన్యాలోని మసాయి మారాకు గడ్డి కోసం వస్తాయి. అందువల్ల వేసవి సెలవులకంటే దసరా సెలవులే మేలు.

గడియారం, ప్లగ్గు, దుర్భిణి

మన గడియారాలు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. కెన్యా గడియారాలు 45 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. తేడా 37½ డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 150 నిమిషాలు. అంటే విశాఖలో మధ్యాహ్నం 12 గంటలైతే నైరోబీలో ఉదయం 9½. అక్కడ దిగగానే గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి.

అక్కడి కరెంటు 240 వోల్టులు, 50 సైకిళ్ళు. మనది 230 వోల్టులు, 50 సైకిళ్ళు. కాబట్టి మన ఛార్జర్లు పనిచేస్తాయి. కాని అక్కడి ప్లగ్గుకు బల్లపరుపుగా ఉండే మూడు పుల్లలుంటాయి. మన గుండ్రటి పుల్లలు దూరవు. చిన్న అడాప్టరు ఒకటి చాలు.

దుర్భిణి మీద 8×42 అని ఉంటుంది. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుందని. 42 అంటే ముందు కటకం వెడల్పు 42 మిల్లీమీటర్లని. 42ని 8తో భాగిస్తే 5.25. కంట్లోకి వచ్చే కాంతి కడ్డీ మందం అన్ని మిల్లీమీటర్లు. పట్టపగలు మన కనుపాప రెండు, మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి 8×25 దుర్భిణి కూడా సరిపోతుంది. కాని సింహాలు వేటకు లేచేది మసక వెలుతురులో. అప్పుడు కనుపాప పెద్దదవుతుంది, 8×42 ఎక్కువ కాంతి ఇస్తుంది. 'ఎక్కువ రెట్లు' అని దుకాణదారు చెప్పగానే మోసపోకండి, భాగహారం చెయ్యండి.

సామాన్లు సర్దేటప్పుడు ప్లాస్టిక్ సంచులు తీసెయ్యండి. కెన్యా 2017 ఆగస్టులో వాటిని నిషేధించింది. అమ్మ ఇచ్చిన జంతికల్ని స్టీలు డబ్బాలో, గుడ్డసంచిలో పెట్టుకోండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి.

చేసి చూడండి

1. మీ ఇంటి చుట్టూ చూడండి. పాత టైర్లు, కొబ్బరిచిప్పలు, కూలరు అడుగు, పూలకుండీ కింది పళ్ళెం. వాటిలో నీళ్ళు నిలిచి, తోకాడిస్తూ ఈదే దోమపిల్లలు ఉన్నాయా? ఎన్నిచోట్ల చూశారు, ఎన్నిచోట్ల ఉన్నాయి, నూటికి ఎంత? పుస్తకంలో రాయండి. ఆ నీళ్ళు పారబోసి, పాత్ర లోపల గట్టిగా రుద్దండి. ఈడిస్ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికుంటాయి కాబట్టి ఉత్తినే పారబోస్తే చాలదు. అంతర్జాతీయ నియమాల ప్రకారం రేవు చుట్టూ కనీసం 400 మీటర్ల మేర దోమలు లేకుండా చూడాలి. మీ ఇల్లు రేవంత పెద్దది కాదు కదా!

2. ఒక ఆదివారం ఉదయం పెద్దలతో కలిసి కంబాలకొండకు వెళ్ళండి. మట్టిరంగు చొక్కా వేసుకుని, గంటసేపు మాట్లాడకుండా కూర్చుని, కనిపించిన పక్షుల్ని రాయండి. సఫారీలో కావలసిన అసలు సామాను ఓపిక. దాని సాధనకు విమానం ఎక్కనక్కరలేదు.

3. మీ ప్రయాణం జూన్ 3న అయితే టీకా ఆఖరి గడువు ఏ తేదీ? మే నెలకు 31 రోజులని మరిచిపోకండి.

మసాయి మారాలో సింహాన్ని చూసి తిరిగి వచ్చిన రోజున విమానాశ్రయంలో అధికారి మీ పసుపు పుస్తకం అడుగుతాడు. విసుక్కోకుండా చూపించండి. ఆ చిన్న పుస్తకంలో లాజియర్, స్టోక్స్, నొగూచిల ప్రాణాలున్నాయి. మీ వీధిలోవాళ్ళ ఆరోగ్యం కూడా ఉంది.